‘మా ఇంటి గొడవ’ అంటే ఎవరి ఇల్లు?

పరాయి దేశపు అంతర్యుద్ధంలో బయటి దేశాలు జోక్యం చేసుకోవచ్చా?

(ప్రొద్దుటూరులో జరిగిన దళిత కార్యకర్తల అధ్యయన తరగతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల నుంచి వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలను, వాటికి చెప్పిన జవాబులను కూడా ఇందులో కలిపాం.)



ఈ పొద్దు నాకిచ్చిన విషయం విని మీలో కొందరు నవ్వుకున్నారు. పొద్దున టీ తాగేకాడ జమ్మలమడుగు తమ్ముడొకాయన అడగనే అడిగినాడు. "ఏమన్నా, మా పల్లెలో పీనుగ లేస్తే శ్మశానానికి పోను దారి లేదు. అది ఇడిసిపెట్టి, యాడనో ఒక దేశంలో వాళ్లల్లో వాళ్లు కొట్టుకుంటాంటే బయటి దేశం పోవచ్చా పోగూడదా అని మనకెందుకన్నా?" అని. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోను.

మొదటి జవాబు ఈ తరగతిలోనే కూర్చోనుంది. పులివెందుల నుంచి వచ్చిన పెద్దమ్మ బిడ్డ కువైట్‌లో ఇంటిపని చేస్తాంది. నాపరాయి గనుల్లో నడుములిరిగినోళ్లు, అరటితోటల్లో కూలి గిట్టనోళ్లు అప్పు చేసి ఎడారి దేశాలకు పోతాండారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు లక్షమందికి పైగా భారతీయుల్ని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తేవాల్సి వచ్చింది. అది దేశం మీద దేశం చేసిన దాడి. లోపలోళ్లు లోపలే కొట్టుకున్న లిబియా నుంచి 2011లో, యెమెన్ నుంచి 2015లో మళ్లా అట్లే తెచ్చినారు. కూలికి దేశం దాటినోళ్ల ఇంట్లో పరాయి దేశం యుద్ధం అనే మాటకు అర్థం లేదు.

రెండో జవాబు ఇంకా ముఖ్యమైంది. "అది వాళ్ల ఇంటి గొడవ, బయటోళ్లకు ఏం సంబంధం?" అనే మాట మనం ఇంతకు ముందు యాడ విన్నాం? ఆలోచించండి.

1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి, గోతాల్లో కట్టి కాల్వలో పడేసినారు. ఇట్లాంటివి జరిగిన ప్రతి ఊర్లో పెత్తందార్ల నోట వచ్చే మాట ఒకటే. "మేమూ మేమూ బాగానే ఉన్నాం, బయటినుంచి వచ్చినోళ్లు రెచ్చగొడతాండారు" అని. 2001లో డర్బన్‌లో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి సభ పెడితే, మన దళితులు పోయి కులం గురించి కూడా మాట్లాడండి అన్నారు. భారత ప్రభుత్వం ఏమన్నది? కులం మా అంతర్గత విషయం, ఇక్కడ చర్చించేది కాదు అన్నది. ఊర్లో పెత్తందారు అన్న మాటనే ఢిల్లీ ఇంకొంచెం పెద్ద గొంతుతో అన్నది.

కాబట్టి ఒక సంగతి ముందే తేలిపోవాల. ఇల్లు అన్నప్పుడు ఆ ఇల్లు ఎవరిది, దాంట్లో తన్నులు తినేదెవరు అని అడగాల. తన్నేవాడు తలుపేసుకుని "ఇది మా ఇంటి గొడవ" అంటే, బయట నిలబడి "అవును, మనకెందుకు" అనడం తన్నేవాడి పక్షాన నిలబడటమే. ఇంకెవురు అన్నా అనొచ్చు, వాడ నుంచి వచ్చిన మనం మాత్రం ఆ మాట అనలేం.

రువాండా అని ఆఫ్రికాలో చిన్న దేశం. 1994 ఏప్రిల్‌లో అక్కడ హుటూల పేరు మీద రాజ్యం చేసేవాళ్లు టుట్సీల మీద ఊచకోత మొదలుపెట్టినారు. వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షలమంది చచ్చిపోయినారు. అప్పటికే అక్కడ ఐక్యరాజ్యసమితి సైనికులు రెండువేల అయిదువందల మంది దాకా ఉన్నారు. ఊచకోత మొదలైన రెండు వారాలకు, ఏప్రిల్ 21న, భద్రతామండలి ఏం చేసింది? ఆ బలగాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానం చేసింది. రాజధాని కిగాలిలో ఒక బడి ఉండేది. ఆ బడిలో బెల్జియం సైనికులు ఉన్నారని, సుమారు రెండువేలమంది పిల్లాజెల్లా పోయి దాంట్లో తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న సైనికులు లారీలెక్కి వెళ్లిపోయినారు. గేటు బయట కత్తులు పట్టుకుని కాచుకున్నోళ్లు ఆ తర్వాత వాళ్లలో అత్యధికుల్ని నరికినారు. అదే ఊర్లో అమహోరో స్టేడియంలో కొద్దిమంది ఐక్యరాజ్యసమితి సైనికులు కదలకుండా నిలబడినారు. అక్కడ చేరిన వేలమంది బతికినారు. ఈ రెండు గేట్లనూ గుర్తు పెట్టుకోండి. చివర్లో మళ్లా వస్తాను.

"అట్లయితే సైన్యాన్ని పంపాల్సిందే కదన్నా" అని ముందు వరసలోని తమ్ముడు అంటాండాడు. ఆగు నాయనా. పరిగెత్తొద్దు.

చుండూరులో ఆ పొద్దు పోలీసులు లేకనా మనోళ్లు చచ్చిపోయింది? పోలీసులు ఊర్లోనే ఉన్నారు. బలగం వచ్చినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదని మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మన సీమ సంగతే చూడండి. ఊర్లో రెండు పార్టీలు పడతాయి. నాయకులిద్దరూ పెద్దకులమోళ్లే. బాంబుల సంచి మోసేది ఎవరు? ముందు నడిచేది ఎవరు? మాలపల్లె, మాదిగపల్లె, బోయోళ్ల ఇండ్ల నుంచి పోయిన పిల్లోళ్లు. చచ్చేది వాళ్లు, కేసుల్లో ముద్దాయిలు వాళ్లు, ఊరిడిచి ప్రొద్దుటూరులో బాడుగింట్లో దాక్కునేది వాళ్ల పెండ్లాం బిడ్డలు. కొన్నేండ్లకు బయటినుంచి ఒక పెద్దమనిషి వచ్చి రాజీ చేస్తాడు. ఆ పెద్దమనిషి ఎవరు? ఇద్దరికీ చుట్టమో, ఒకరికి వియ్యంకుడో, పై పార్టీలో ఎమ్మెల్యే కావాలనుకునేవాడో. రాజీ కాగితం మీద నాయకులిద్దరూ సంతకం పెడతారు. కాంట్రాక్టులు చెరిసగం. చచ్చినోడి పెండ్లాన్ని ఎవరైనా పిలిచి "ఏమ్మా, నీకు సమ్మతమేనా" అని అడిగినారా? అడగలేదు.

దేశాల మధ్య జరిగేది కూడా ఇంత సులభంగా అర్థమవుతుంది. మన తెలుగు నేల మీదనే ముందు చూద్దాం. 1948లో హైదరాబాద్ సంస్థానంలో నిజాం పాలన, రజాకార్ల దౌర్జన్యం. ఇంకోపక్క దొరలకు ఎదురు తిరిగి రైతుకూలీలు పోరాడుతున్నారు. నిజాం ప్రభుత్వం మాది వేరే దేశం అని భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. భారత ప్రభుత్వం ఇది మా ఇంటి విషయం అన్నది. సెప్టెంబర్ 13న సైన్యం దిగింది. అయిదు రోజుల్లో అయిపోయింది. రజాకార్ల పీడ పోయింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. అది నిజం. తర్వాత జరిగింది కూడా నిజమే. ముస్లింల మీద దాడులు జరిగినాయి. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. సైన్యం 1951 దాకా తెలంగాణ పల్లెల్లో పోరాడే రైతుకూలీల మీద నిలిచింది. గడీలిడిచి పారిపోయిన దొరలు సైన్యం వెనకాల ఊళ్లకు తిరిగొచ్చినారు. రజాకార్ల నుంచి కాపాడినోడు దొర నుంచి కాపాడలేదు. దొరను తీసుకొచ్చి మళ్లా కూర్చోబెట్టినాడు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. శ్రీలంక.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాల. 1987లో నేను కాలేజీ కుర్రోన్ని. 1983 జులైలో కొలంబోలో తమిళుల్ని తగలబెట్టిన సంగతి చదివి రక్తం ఉడికినోన్ని. జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం చేసుకుని మన సైన్యం పోతాందంటే చప్పట్లు కొట్టినాను. మా పెద్దనాయన కొడుకు సైన్యంలో ఉండేవాడు. మా పల్లెలో సైన్యానికి పోయేది దేశభక్తి కన్నా ముందు కూటికోసం. మొదట పోయిన బలగాల్లో సికింద్రాబాద్ నుంచి పోయిన 54వ డివిజన్ ఉంది. మావాడు ఆ తర్వాత పోయినాడు. మేము స్టేషన్‌కు పోయి దండ వేసి పంపినాం.

తిరిగొచ్చినాక వాడు చాన్నాళ్లు మాట్లాడలేదు. ఒకరోజు రాత్రి చెప్పినాడు. "ముందు పోయినోళ్లకు ఆడోళ్లు హారతులిచ్చినారంట రా. నేను పోయేసరికి మమ్మల్ని చూస్తే పిల్లోళ్లు పరిగెత్తి దాక్కుంటాండ్రి. నేను కాపాడను పోయినానో, కొట్టను పోయినానో నాకే అర్థం కాలేదు."

ఎందుకట్లా అయింది? వరసగా చూడండి. 1983 తర్వాత తమిళ సాయుధ గుంపులకు తుపాకులిచ్చి, శిక్షణ ఇచ్చింది భారత ప్రభుత్వమే. ఆ తర్వాత శాంతి సేన పేరుతో పోయిందీ భారత ప్రభుత్వమే. ఒప్పందం మీద సంతకాలు కొలంబోవి, ఢిల్లీవి. ఎవరి కోసం ఒప్పందమో ఆ తమిళుల సంతకం దాంట్లో లేదు. మన రాజీ కాగితం లాగానే. అక్టోబర్ వచ్చేసరికి శాంతి సేన, ఎల్‌టీటీఈతో యుద్ధంలో పడింది. అక్టోబర్ 21, దీపావళి రోజు, జాఫ్నా ఆస్పత్రిలోకి మన సైనికులు దూరి కాల్పులు జరిపితే డాక్టర్లు, నర్సులు, రోగులు కలిసి అరవైమందికి పైగా చనిపోయినారు. ఎదురుకాల్పుల్లో చచ్చిపోయినారని సైన్యం అన్నది. బతికి బయటపడిన సిబ్బంది కాదన్నారు. ఈ యుద్ధంలో మన సైనికులు సుమారు 1,200 మంది ప్రాణాలు పోయినాయి. దక్షిణాన సింహళ పిల్లోళ్లు ఒప్పందం మీద తిరగబడితే ఆ అణచివేతలో వేలకు వేలమంది చచ్చిపోయినారు. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస భారత సైన్యాన్ని వెళ్లగొట్టను ఎల్‌టీటీఈకే ఆయుధాలిచ్చినాడు. నిన్నటి పగవాళ్లిద్దరూ రాజీకొచ్చిన పెద్దమనిషి మీద ఒక్కటైనారు. మన సీమలో చూడని సంగతా ఇది? 1990 మార్చి 24న చివరి ఓడ వెనక్కొచ్చింది. 1991 మే 21న విశాఖపట్నంలో విమానమెక్కిపోయిన రాజీవ్ గాంధీ ఆ రాత్రే శ్రీపెరంబుదూరులో బాంబుకు బలైపోయినాడు.

ఇంకో మాట. తమిళులు అని ఒక్క మాటలో అనేస్తాం. ఆ ఇంట్లో కూడా గదులున్నాయి. జాఫ్నాలో వెల్లాలర్ల పెత్తనం కింద పంచమర్లని పిలిచే మనలాంటి జనం ఉన్నారు. 1968లో మావిట్టపురం గుడిలోకి పోను వాళ్లు పోరాడాల్సి వచ్చింది. కొండల మీద టీ తోటల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది దళిత కులాలవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు, అంటే మన మాదిగల బంధువులు, వాళ్లలో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే ఆ దేశం చట్టం చేసి సుమారు ఏడు లక్షల తోటకూలీల పౌరసత్వం తీసేసింది. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని, 5,25,000 మంది ఇటు, 3,00,000 మంది అటు అని గొర్రెల్ని పంచినట్టు పంచుకున్నారు. టీ ఆకు కోసే ఆ తల్లిని ఎవరూ అడగలేదు. ఆమె కోసం ఏ శాంతి సేనా కదల్లేదు.

2009లో యుద్ధం ముగిసే నెలల్లో సన్నటి సముద్రపు ఒడ్డున జనాన్ని కుక్కి రెండువైపులా కాల్చినారు. 40 వేలమంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. అంతకు ముందు 2008 సెప్టెంబర్‌లోనే ఐక్యరాజ్యసమితి తన సిబ్బందిని వన్ని ప్రాంతం నుంచి బయటికి తీసుకుపోయింది. పోవద్దని జనం గేటుకు అడ్డం పడి ఏడ్చినారు. అయినా పోయినారు. ఒకసారి పోయి చెడగొట్టినారు. ఇంకోసారి ఉండాల్సినప్పుడు పోయి చెడగొట్టినారు.

ఇప్పుడు పులివెందుల పెద్దమ్మ అడిగిన ప్రశ్న. "నాయనా, నువ్వు సైన్యం పోతే తప్పంటివి, పోకపోతే తప్పంటివి. రేపు నా బిడ్డ ఉన్న దేశంలో యుద్ధమొస్తే ఎవరు పోవాల?"

పెద్దమ్మా, నీ ప్రశ్నకు బాబాసాహెబ్ 1947లోనే దారి చూపినాడు. దేశం రెండు ముక్కలైనప్పుడు పాకిస్తాన్‌లో మన జనం చిక్కుకున్నారు. అందరూ పారిపోతున్నారు. వీళ్లను మాత్రం కదలనియ్యలేదు. ఎందుకంటే వీళ్లు పోతే కరాచీ వీధులు ఎవరు ఊడుస్తారు, పాయిఖానాలు ఎవరు ఎత్తుతారు? అత్యవసర సేవల పేరు పెట్టి ఆపినారు. 1947 డిసెంబర్‌లో అంబేద్కర్ నెహ్రూకు ఉత్తరం రాసినాడు. పాకిస్తాన్ మీద దండెత్తు అని అడగలేదు. అది వాళ్ల విషయం అని ఊరుకోనూ లేదు. మా జనాన్ని బయటికి తీసుకురా, తెచ్చినాక ఇక్కడ బతికే ఏర్పాటు చెయ్యి అని అడిగినాడు.

కారంచేడు జనం బతికింది కూడా ఇట్లానే. చీరాలలో చర్చి ఆవరణ తలుపు తెరిచినారు. చుండూరు జనానికి తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఆవరణ దొరికింది. బయటినుంచి హక్కుల సంఘాలోళ్లు వచ్చి జరిగింది రాసుకున్నారు, లోకానికి చెప్పినారు. చుండూరు వాళ్లు పోరాడి తమ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, అది వేరే గాయం. అయినా తలదాచుకునే చోటు, జరిగింది చెప్పే సాక్షి, విచారించే కోర్టు, ఈ మూడూ బయటినుంచి వచ్చిన సాయమే. వీటిలో ఏదీ మన మీద పెత్తనం చెయ్యలేదు.

అందుకే నేను చెప్పేది ఇది. బయటి దేశం పోవాల. పోయి తలుపు దగ్గర నిలబడాల. చంపేవాడికి ఆయుధాలు అమ్మడం ఆపాల. పారిపోయి వచ్చేవాళ్లకు సరిహద్దు తెరవాల. సాక్షుల్ని కాపాడాల, కోర్టు పెట్టాల. జనం చేరిన చోట, కిగాలి స్టేడియం దగ్గర లాగా, తుపాకి పట్టుకుని కాపలా ఉండాల్సి వస్తే ఉండాల. అది దాటి, ఎవర్ని గద్దె దించాల, ఎవర్ని ఎక్కించాల అని మొదలుపెట్టిన రోజు ఆ సైన్యం కొత్త పెత్తందారు అవుతుంది. 2011లో లిబియాలో అదే జరిగింది. జనాన్ని కాపాడతామని నాటో విమానాలు పోయినాయి. గడాఫీ చచ్చిపోయేదాకా బాంబులేసినాయి. ఆ తర్వాత దేశం ముక్కలై కొట్టుకుంటాంటే వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ చిక్కుకున్న నల్ల ఆఫ్రికా కూలీల్ని సంతలో పశువుల్లాగా అమ్మినారని 2017లో లోకమంతా చూసింది.

ఎవరైనా సైన్యం పంపుతామంటే నాలుగు ప్రశ్నలు అడగండి. పిలిచింది ఎవరు, గద్దె మీద ఉన్నోడా, తన్నులు తినేవాడా? అక్కడ గనులు, నూనె, ఓడరేవు మీద పోయేవాడికి కన్ను ఉందా? పోయినోడు తప్పు చేస్తే ఏ కోర్టు అడుగుతుంది? ఎప్పుడు వెనక్కి వస్తాడు? ఈ నాలుగిటికీ జవాబు లేని జోక్యానికి చప్పట్లు కొట్టొద్దు. నేను కొట్టినాను. చాలు.

మన దేశాన్నీ ఇవే అడగాల. శరణార్థుల కోసం మన దగ్గర చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం పెట్టలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరే లేదు. 2021 నాటికి తమిళనాడు క్యాంపుల్లో 58 వేలమందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఆ టీ తోటల కూలీల బిడ్డలున్నారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన నామశూద్రులు దండకారణ్యంలో బతకలేక మరీచ్‌ఝాపి దీవికి పోతే, 1979లో మన పోలీసులే కాల్చి వెళ్లగొట్టినారు. తలుపు తెరిచి లోపల తన్నితే అది తలుపు తెరవడం కాదు.

చివరగా, పెద్దమ్మ బిడ్డ విషయం. 2015లో యెమెన్‌కు మన ఓడలు, విమానాలు పోయి మనోళ్లనే కాదు, నలభైకి పైగా దేశాలవాళ్లను తెచ్చినాయి. అది మంచి పని, మంచి పని అనే చెప్పాల. కానీ పేరు రాసిచ్చేదెవరు? ఇంటిపనికి పోయిన ఆడబిడ్డ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఆమె వరసలో ఆఖరు. అప్పుడు కరాచీలో ఊడ్చేవాళ్లను ఆపినట్టే, వంట చేసే మనిషిని వదలనియ్యరు. కాబట్టి ఇక్కణ్ణించి పోయినాక ప్రతి పల్లెలో ఒక నోటుపుస్తకం పెట్టండి. దేశం దాటి పోయిన ప్రతి మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు, యజమాని ఫోను, ఏజెంటు పేరు రాయండి. ఒక నకలు సంఘం దగ్గర, ఒకటి కలెక్టరు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

జమ్మలమడుగు తమ్ముడూ, నీ శ్మశానం దారి మరిచిపోలేదు. రేపు అర్జీ పెడతాం. అప్పుడు మీ ఊరి పెద్దరెడ్డి ఏమంటాడో నాకు తెలుసు. "ఇది మా ఊరి విషయం, ప్రొద్దుటూరోళ్లకు ఏం పని?" అంటాడు. అప్పుడు నీకు ఈ పొద్దు మాట్లాడింది గుర్తుకు రావాల. మేము వస్తాం. మీ పల్లె పిలిస్తేనే వస్తాం. మీ పక్కన నిలబడతాం. దారి పడినాక మా ఊరికి మేము పోతాం.

జై భీమ్.